పదవీ విరమణ రోజే పర్వదినమైన సేనాని: ఫీల్డ్ మార్షల్ కరియప్ప

ఏటా జనవరి 14న దేశమంతటా మాజీ సైనికుల దినోత్సవం జరుగుతుంది. మన తెలుగునాట ఆ రోజు సాధారణంగా భోగి గానీ సంక్రాంతి గానీ అవుతుంది. అందుచేత పండుగ సందడిలో ఈ సంగతి చాలామందికి గుర్తుండదు. కాని పెన్షనర్లమైన మనం దీనిని ప్రత్యేకంగా గమనించాలి. ఇటువంటి దినోత్సవాలకు విజయం సాధించిన రోజునో, మహనీయుల జయంతినో ఎంచుకోవడం పరిపాటి. ఇది మాత్రం ఒకరు పదవీ విరమణ చేసిన రోజు. ఆయనే మన సైన్యానికి తొలి భారతీయ సర్వసేనాని, ఫీల్డ్ మార్షల్ కొడందెర మాదప్ప కరియప్ప.

కరియప్ప 1899 జనవరి 28న కూర్గు ప్రాంతంలోని శనివారసంతెలో జన్మించారు. తండ్రి రెవెన్యూ శాఖ ఉద్యోగి. మడికేరిలో హైస్కూలు చదువు ముగించి, మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో చేరారు. మొదటి ప్రపంచయుద్ధం ముగిసే నాటికి, భారతీయులను కూడా అధికారులుగా తీసుకోవాలన్న ఒత్తిడి తెల్లదొరల మీద పెరిగింది. ఆ విధంగా ఇండోరులో శిక్షణ పొంది 1919లో కమిషన్ అందుకున్న తొలి బృందంలో కరియప్ప ఒకరు.

అక్కడి నుంచి ఆయన వేసిన ప్రతి అడుగూ భారతీయులకు మూసి ఉన్న ఒక తలుపును తెరిచింది. 1933లో క్వెట్టా స్టాఫ్ కాలేజీలో ప్రవేశించిన మొదటి భారతీయ అధికారి ఆయనే. 1942లో ఒక బెటాలియన్‌కు నాయకత్వం వహించిన తొలి భారతీయుడూ ఆయనే. స్వాతంత్ర్యం వచ్చాక కాశ్మీరు యుద్ధకాలంలో పశ్చిమ సైనిక విభాగం బాధ్యత ఆయన మీద పడింది. 1948 నవంబరులో మన సేనలు ట్యాంకులతో జోజిలా కనుమ దాటి, ద్రాస్, కార్గిల్‌లను తిరిగి స్వాధీనం చేసుకుని, లేహ్‌కు దారి తెరిచాయి.

1949 జనవరి 15న జనరల్ రాయ్ బుచర్ చేతుల మీదుగా కరియప్ప సర్వసేనాని బాధ్యతలు స్వీకరించారు. ఏటా మనం జరుపుకొనే సైనిక దినోత్సవం ఆ రోజుదే. అంతవరకు చాలా పటాలాలలో ఫలానా కులం వారు, ఫలానా ప్రాంతం వారు మాత్రమే అన్న పద్ధతి ఉండేది. అన్ని ప్రాంతాల వారికీ, అన్ని వర్గాల వారికీ చోటు ఉండేలా ఆయన హయాంలో గార్డ్స్ బ్రిగేడ్ ఏర్పడింది. టెరిటోరియల్ ఆర్మీ రూపుదిద్దుకున్నదీ 1949లోనే. అదే ఏడాది డిసెంబరు 7న సాయుధ దళాల పతాక దినం మొదలైంది. ఉద్యోగంలో ఉన్న రోజుల్లో మనం డబ్బాలో చిల్లర వేసి చొక్కాకు గుచ్చుకున్న చిన్న కాగితపు జెండా ఆ నాటిదే. యుద్ధంలో మరణించిన వారి కుటుంబాలకు, వికలాంగులైన జవాన్లకు, మాజీ సైనికులకు ఆ నిధి చేరుతుంది.

1953 జనవరి 14న కరియప్ప పదవీ విరమణ చేశారు. ఆ తరువాత ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ దేశాలలో మన హైకమిషనరుగా 1956 వరకు పనిచేశారు. మడికేరిలోని తమ ఇల్లు రోషనారాకు తిరిగి వచ్చాక కూడా ఊరికే కూర్చోలేదు. సివిల్ ఉద్యోగి జుట్టు నెరిసేదాకా కొలువులో ఉంటాడు. సిపాయి మాత్రం చాలావరకు నలభై నిండకముందే ఇంటిదారి పట్టేవాడు. పిల్లల చదువులు, ఆడపిల్లల పెళ్లిళ్లు అన్నీ అప్పటికి ముందే ఉంటాయి, చేతికి వచ్చే పెన్షను స్వల్పం. అటువంటి వారంతా ఒక్క గొంతుతో మాట్లాడేందుకు 1964లో ఆయన మాజీ సైనికుల సంఘం, ఇండియన్ ఎక్స్ సర్వీసెస్ లీగ్ స్థాపించారు. సంఘం విలువ ఏమిటో మనకు ఎవరూ వేరే చెప్పనక్కరలేదు.

1965 యుద్ధంలో ఆయన కుమారుడు, వైమానిక దళ అధికారి నందా కరియప్ప, విమానం కూలి పాకిస్తాన్‌కు బందీగా చిక్కారు. అప్పటి పాకిస్తాన్ అధ్యక్షుడు అయూబ్ ఖాన్ విభజనకు ముందు కరియప్ప కింద పనిచేసినవారు. ఆ గౌరవంతో కుమారుణ్ణి విడిచిపెడతామని కబురు పంపారు. కరియప్ప ఒప్పుకోలేదు. బందీలైన భారత సైనికులందరూ తన బిడ్డలేననీ, అందరితోపాటే తన కొడుకుననీ తెలియజేశారు. మిగతా ఖైదీలతోపాటు 1966లోనే నందా ఇల్లు చేరారు. కన్నతండ్రికి ఆ నెలలు ఎలా గడిచి ఉంటాయో మనం ఊహించుకోవలసిందే.

1986లో ప్రభుత్వం ఆయనకు ఫీల్డ్ మార్షల్ హోదా ఇచ్చింది. మానెక్‌షా తరువాత ఆ గౌరవం పొందిన రెండవవారు ఆయన. ఆ హోదాకు విరమణ అంటూ లేదు. ఎవరి రిటైర్మెంటు రోజు దేశానికి దినోత్సవమైందో, ఆయన జీవితాంతం సర్వీసులో ఉన్నట్టే లెక్క! 1993 మే 15న బెంగుళూరులో కన్నుమూశారు. అంత్యక్రియలు మడికేరిలో జరిగాయి.

మాజీ సైనికుల దినోత్సవం 2016లో మొదలైంది. ఒకే హోదా ఒకే పెన్షను కోసం మాజీ సైనికులు ఏళ్ల తరబడి పోరాడగా, అందుకు ఉత్తర్వులు 2015 నవంబరులో వెలువడ్డాయి. మన పెన్షనర్ల దినోత్సవానికి మూలమైన 1982 డిసెంబరు 17 నాటి నకారా తీర్పు కూడా వారికీ మనకూ ఉమ్మడి ఆస్తే. ఆ కేసు వేసిన నకారా రక్షణ శాఖ ఆర్థిక విభాగంలో పనిచేసి రిటైరైనవారు. పెన్షను దయాదాక్షిణ్యం కాదు, హక్కు అని తేల్చిన ఆ తీర్పు సైనిక పెన్షనర్లకు కూడా వర్తించింది.

కనుక వచ్చే భోగినాడు మన వీధిలో ఉన్న మాజీ జవాను ఇంటికి వెళ్లి పలకరిద్దాం. ఆయన లేకపోతే ఆ ఇల్లాలికి ఫ్యామిలీ పెన్షను సరిగా అందుతున్నదో లేదో అడుగుదాం. ఫైళ్ల మధ్య జీవితం గడిపినవాళ్లం. ఒక దరఖాస్తు నింపి, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం దాకా తోడు వెళ్లడం మనకు కష్టమేమీ కాదు.