చాలీస్‌గావ్‌లో ఎక్కిన టాంగా

అంబేద్కర్ అనగానే మనకు రాజ్యాంగం, మహద్ చెరువు, నాగపూర్ దీక్ష గుర్తొస్తాయి. ఏటా ఏప్రిల్ 14న మన వాడల్లో మాట్లాడుకునేదీ వాటి గురించే. ఆయన ఎక్కిన బండ్ల గురించి ఎవరం మాట్లాడం. ఆయన మాత్రం తన గురించి రాసుకున్న కొద్ది పేజీల్లో రెండు బండి ప్రయాణాలను వివరంగా చెప్పారు.

మొదటిది 1901లో. తండ్రి రాంజీ సక్పాల్‌ది గోరేగావ్‌లో క్యాషియర్ ఉద్యోగం. వేసవి సెలవులకు అక్కడికి వెళ్లడానికి పదేళ్ల భీమ్‌రావ్, అన్న, ఇద్దరు మేనల్లుళ్లు కొత్త బట్టలు తొడుక్కుని రైలెక్కి మసూర్ స్టేషన్‌లో దిగారు. ఉత్తరం అందక తండ్రి రాలేదు. పిల్లల వాలకం చూసి స్టేషన్ మాస్టర్ బ్రాహ్మణ పిల్లలనుకున్నాడు. మహర్లమని తెలియగానే మొహం మారిపోయింది. బండివాళ్లెవరూ రామన్నారు. చివరికి ఒకతను రెట్టింపు బాడుగకు ఒప్పుకున్నాడు, పిల్లలే తోలుకోవాలి, తాను పక్కన నడుస్తానని. బాడుగ డబ్బులకు మాత్రం మైల లేదు! డబ్బా నిండా తిండి ఉంది, తాగడానికి నీళ్లు పుట్టలేదు. ఆ రాత్రి నలుగురూ ఆకలితోనే పడుకున్నారు.

తర్వాత కొలంబియా, లండన్ చదువులు. 1917లో బరోడా ఉద్యోగం, అక్కడ పార్సీల సత్రం నుంచి గెంటివేత. 1927లో మహద్. ఇవి మనకు తెలిసినవే.

రెండో బండి 1929లో. అప్పటికాయన బారిస్టర్, బొంబాయి శాసనమండలి సభ్యుడు. అంటరానివారి కష్టాలపై ప్రభుత్వం వేసిన కమిటీ పని మీద ఖాందేశ్ వెళ్లారు. తిరిగొస్తూ, మనవాళ్లను వెలివేసిన ఒక ఊరి సంగతి విచారించడానికి చాలీస్‌గావ్‌లో దిగారు. రాత్రికి ఉండిపొమ్మని అక్కడి మహర్లు బతిమాలారు. వాళ్ల వాడకు స్టేషన్ నుంచి నడిచి పోవచ్చు. అయినా చాలాసేపు కూర్చోబెట్టి టాంగా తెచ్చారు. కాస్త దూరం పోగానే అది మోటారు కారుకు గుద్దుకోబోయింది. వాగు మీది వంతెనపై చక్రం పక్కరాయికి బలంగా తగిలి ఆయన ఎగిరి రాతి మీద పడ్డారు. గుర్రం, బండి వాగులో పడ్డాయి. కాలు విరిగింది.

జరిగిందేమిటో తర్వాత తెలిసింది. అంటరానివాడిని ఎక్కించుకోవడానికి టాంగావాళ్లెవరూ ఒప్పుకోలేదు. అతిథిని నడిపించడం వాడవాళ్లకు నామోషీ. బండి అద్దెకిస్తాం, తోలం అన్నాడు యజమాని. సరేనని తోలడం రాని తమ మనిషినే కూర్చోబెట్టారు.

ఆ నామోషీ మనకు తెలియనిదా? పల్లెకు మన నాయకుడొస్తే ఇప్పటికీ ఎక్కడెక్కడి నుంచో కుర్చీలు తెచ్చి వేస్తాం. అంబేద్కర్ కూడా వాళ్ల మనసు అర్థం చేసుకున్నారు. అయినా మర్యాద కంటే మనిషి ప్రాణం ముఖ్యమన్నది వాళ్లు మరిచారని రాయడానికి మొహమాటపడలేదు. నాయకుడు తనవాళ్ల ఆప్యాయతలోని పొరపాటును ఇలా చెప్పడం అరుదు, మనం నేర్చుకోవలసింది అక్కడే ఎక్కువ ఉందనిపిస్తుంది. టాంగా తోలి పొట్ట పోసుకునేవాడు కూడా తనను బారిస్టర్ కంటే గొప్పవాణ్నని ఎలా అనుకోగలుగుతున్నాడో ఆ రోజే ఆయనకు తేటపడింది.

ఈ పేజీలు ఆయన బతికుండగా అచ్చు కాలేదు. 1990లో పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీ వాటిని చిన్న పుస్తకంగా వేసింది. ఆ టాంగా తోలిన మనిషి పేరు అందులో లేదు.