ఒంగోలు కొండనెక్కిన జ్యూయెట్ దొరగారు

మన కరీంనగరు, ఆదిలాబాదు పల్లెలలో ఏ వింత జరిగినను, బ్రహ్మంగారు కాలజ్ఞానములో ముందే చెప్పిరని పెద్దలనుట వినుచుందుము. జరిగినదానికి పాత మాటను అతికించుచున్నారని మనము త్రోసివేయుదుము. ఆ తూనికరాతితోనే మనవారి చరిత్రనుకూడ తూచి చూతము.

లైమన్ జ్యూయెట్ దొరగారు 1813లో అమెరికాలో జన్మించి, 1849లో నెల్లూరు చేరిరి. అచ్చటి బాప్టిస్టు మిషను ఏండ్లతరబడి పని చేసినను ఫలము స్వల్పమే. దానిని మూసివేయుదమా అని 1853లో అమెరికాలో చర్చ జరిగెను. 1854 జనవరి 1 తెల్లవారుజామున దొరగారును, భార్యయు, కొద్దిమంది తెలుగు విశ్వాసులును ఒంగోలు కొండనెక్కి, ఆ ఊరికి సేవకుని పంపుమని ప్రార్థించిరి. 1862లో దొరగారు స్వదేశము వెళ్లగా, మూసివేయు మాట మరల వచ్చెను. వారు ఒప్పుకొనలేదు. 1865లో జాన్ క్లౌ దొరగారిని వెంటబెట్టుకొని వచ్చిరి. క్లౌ దొరగారు 1866లో ఒంగోలులో కాపురముండిరి. 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కదినమే 2,222 మంది బాప్తిస్మము పొందిరి.

ఇది ప్రవచన నెరవేర్పని కొందరందురు. అయితే ప్రార్థించినవారే సేవకుని తెచ్చిరి గదా, 1876-78 కరువే జనులను తెచ్చెను గదా అని పొరుగువారు అడిగిన యెడల మనము కోపింపరాదు. ఈ అనుమానము క్లౌ దొరగారికే కలిగెను. బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల పని గుత్తకు తీసికొని కూలి యిప్పించిరి గాని, కూటికొరకు చేరుదురేమోయని సుమారు పదిహేను నెలలు బాప్తిస్మములు ఆపిరి.

ద్వితీయోపదేశకాండము 18వ అధ్యాయము ప్రకారము, జరుగని మాట దేవుని మాట కాదు. 13వ అధ్యాయము ప్రకారము, చెప్పిన సూచన జరిగినను, అన్యదేవతల వెంట పిలుచువానిని నమ్మరాదు. కాబట్టి నెరవేర్పు ఒక్కటే చాలదు. ఆ మాట ముందుగా, స్పష్టముగా చెప్పబడినదా? తప్పిపోవుటకు వీలుండెనా? విన్నవారే దానిని జరిపించిరా? అది మనలను ఎవరియొద్దకు నడిపించుచున్నది? ఇవన్నియు అడుగవలెను.

జ్యూయెట్ దొరగారు జోస్యము చెప్పలేదు, అడిగిరి. అడిగి పండ్రెండేండ్లు కనిపెట్టిరి. విశ్వసించు మనకు ఒంగోలు ప్రార్థనకు జవాబు. నమ్మనివారిని బలవంతపెట్టు రుజువు మాత్రము కాదు. దొరగారు 1897లో ప్రభువునందు నిద్రించిరి. వారి ఓర్పు అందరును చూడగల సాక్ష్యము.

రెండు విధములైన తూనికరాళ్లు ప్రభువునకు గిట్టవని సామెతలు 20వ అధ్యాయము బోధించుచున్నది. పొరుగువారికొకటి, మనకొకటి ఉంచుకొనకుందము గాక.