పొరుగు తాలూకా బి.ఎన్.రెడ్డికి ప్రభుత్వ పతకాలు

తలుపుల: ఇక్కడికి పొరుగునున్న నాటి పులివెందుల తాలూకా కొత్తపల్లిలో 1908లో జన్మించిన బొమ్మిరెడ్డి నరసింహారెడ్డి మద్రాసు చేరి చిత్ర దర్శకులయ్యారు. రాయల కాలపు కథతో 1951లో తీసిన 'మల్లీశ్వరి' చైనాలోనూ ప్రదర్శితమైంది. పెనుకొండ కోట నీడన పెరిగినవారికి ఆ కాలం కొత్త కాదు.

'బంగారు పాప' (1955) మెప్పు పొందిందేగాని డబ్బు అంతగా రాల్చలేదు. కేంద్ర ప్రభుత్వం దానికి రాష్ట్రపతి రజత పతకమిచ్చింది. 'రంగులరాట్నం' (1966)కూ అదే గౌరవం దక్కింది. రాష్ట్ర ప్రభుత్వం 1964 నుంచి ఇస్తూ వచ్చిన నంది బహుమతి కూడా లభించింది. అయితే పతకం మరో చిత్రానికి పెట్టుబడి కాదు. 1969 నాటి 'బంగారు పంజరం' ఆయన ఆఖరి చిత్రం.

కేంద్రం ఇచ్చే అత్యున్నత చలనచిత్ర గౌరవమైన ఫాల్కే పురస్కారం దక్షిణాది చిత్రసీమలో తొలిసారిగా, 1974 సంవత్సరానికి ఆయనకే వచ్చింది. అప్పటికి ఆయన చిత్రాలు తీయడం మాని ఐదేళ్లు. 1977 నవంబరు 8న మరణించారు.