ఆదివారం నడిచే యూనివర్సిటీ: ప్రొఫెసర్ జి. రాంరెడ్డి జీవితం

బషీరాబాద్‌లో మా ఖాలా ఇంట్లో ఒక పాత ఇనుప పెట్టె ఉంది. నిఖానామా, భూమి కాగితాలు, రంజాన్‌కు మాత్రమే బయటికి తీసే దస్తర్‌ఖాన్, వాటి కింద ఓపెన్ యూనివర్సిటీ డిగ్రీ పుస్తకాలు. తొమ్మిదో క్లాసులో బడి మానేసి, పెళ్లయి, ఇద్దరు పిల్లలు పుట్టాక ఖాలా ఎంట్రన్స్ రాసి డిగ్రీలో చేరింది. ఆదివారం పొద్దున్నే వంట ముగించి, చిన్నదాన్ని మా అమ్మీ దగ్గర వదిలి, బస్సెక్కి క్లాసుకు పోయేది. ఇంట్లో కొంతమంది నవ్వారు కూడా. ఓపెన్ డిగ్రీ కూడా ఒక డిగ్రీయేనా అన్నట్టు మాట్లాడారు. ఖాలా పట్టించుకోలేదు, పాసైంది.

మన ఇళ్లలో ఇలాంటి ఖాలాలు, బాజీలు చాలామందే ఉన్నారు. తాండూరులో బండల పాలిషింగ్ పనికి పోతూ డిగ్రీ కట్టిన అన్నలు కూడా ఉన్నారు. కానీ ఈ ఏర్పాటు మొదలుపెట్టిన మనిషి ఎవరో మనలో చాలామందికి తెలియదు. ఆయన పేరు ప్రొఫెసర్ గడ్డం రాంరెడ్డి. చనిపోయి 30 ఏళ్లు దాటింది. ఇప్పుడు ప్రతి యూనివర్సిటీ ఆన్‌లైన్ డిగ్రీ అంటూ ఫోన్లలో ప్రకటనలు ఇస్తోంది కాబట్టి ఆయన ఏం చేశాడో తెలుసుకోవడానికి ఇది సరైన సమయం అనిపించింది.

రాంరెడ్డి 1929 డిసెంబర్ 4న కరీంనగర్ జిల్లా మైలారం గ్రామంలో పుట్టారు. అప్పుడు మనది నిజాం రాజ్యం. సర్కారు భాష ఉర్దూ, పెద్ద చదువు కూడా ఉర్దూలోనే. ఊళ్లలో బడులు తక్కువ, పై చదువు కావాలంటే హైదరాబాద్‌కు పోవాల్సిందే. పోలేనివాడి చదువు అక్కడితో ఆగిపోయేది. ఆయన మాత్రం ఉస్మానియా దాకా వెళ్లారు, తర్వాత అక్కడే రాజనీతి శాస్త్రం, పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ పాఠాలు చెప్పారు.

ఆయన పరిశోధన ఎక్కువగా పంచాయతీరాజ్ మీద. 1977లో దేశంలోని పంచాయతీరాజ్ పద్ధతుల మీద ఒక పుస్తకానికి సంపాదకత్వం వహించారు. ఆంధ్రప్రదేశ్ రాజకీయాల్లో కులం, వర్గం ఎలా పనిచేస్తాయో ఆయన రాసిన వ్యాసాన్ని ఇప్పటికీ విద్యార్థులు చదువుతారు. యూనివర్సిటీల మనిషికి పంచాయతీలతో ఏం పని అని అడగొచ్చు. నాకైతే అసలు కీలకం అక్కడే ఉందనిపిస్తుంది. రాజధానిలో మంజూరైన పథకం గ్రామానికి చేరేలోపు ఎక్కడ ఆగుతుంది, ఎవరి బల్ల మీద ఆగుతుంది అన్నదే పంచాయతీల మీద పనిచేసేవాడు చూసేది. తర్వాత చదువు విషయంలోనూ ఆయన అదే చూశారు.

1977లో ఉస్మానియా యూనివర్సిటీకి వైస్ ఛాన్స్‌లర్ అయ్యారు, 1982 దాకా ఉన్నారు. ఉస్మానియాలో కరస్పాండెన్స్ కోర్సుల సంస్థ మొదలైంది కూడా 1977లోనే. దేశంలో ఈ పోస్టు చదువును 1962లో ఢిల్లీ యూనివర్సిటీ మొదలుపెట్టింది. మన దగ్గర ఆంధ్రా యూనివర్సిటీ 1972లో తెచ్చింది. అయితే కరస్పాండెన్స్ అంటే ఏమిటి? క్లాసులో చెప్పే పాఠాన్నే సైక్లోస్టైల్ చేసి పోస్టులో పంపడం. చదివేవాడికి అర్థం కాకపోతే అడగడానికి మనిషి దొరకడం కష్టం. పైగా ఇంటర్ పాసైతేనే డిగ్రీలో ప్రవేశం. బడి మధ్యలో మానేసినవాడికి ఆ తలుపు కూడా మూసే ఉంది.

బ్రిటన్‌లో 1969లో ఓపెన్ యూనివర్సిటీ పెట్టారు, 1971లో మొదటి విద్యార్థులు చేరారు. పాకిస్తాన్‌లో 1974లో ఒకటి వచ్చింది, ఇప్పుడు దాన్ని అల్లామా ఇక్బాల్ పేరుతో పిలుస్తారు. మన దేశంలో మొదటిది 1982 ఆగస్టు 26న మన రాష్ట్రంలో, భవనం వెంకట్రామిరెడ్డి ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు వచ్చింది. అదే ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం. మొదటి వైస్ ఛాన్స్‌లర్ రాంరెడ్డి. ఉస్మానియా లాంటి పెద్ద యూనివర్సిటీ నడిపిన మనిషి క్లాసు గదులే లేని యూనివర్సిటీకి రావడం చాలామందికి వింతగానే కనిపించి ఉంటుంది.

ఇక్కడ కొంచెం ఆగి, ఆ యూనివర్సిటీ ఎలా పనిచేసిందో చెప్పాలి. ఎందుకంటే రాంరెడ్డి జీవితంలో అసలు పని ఇదే.

మొదటిది ప్రవేశం. సర్టిఫికెట్ లేకపోయినా, వయసు నిండినవాళ్లు అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరే వీలుండేది. మా ఖాలా చేరింది ఈ దారిలోనే.

రెండోది పుస్తకం. మామూలు టెక్స్ట్ బుక్ రాసేవాడు క్లాసులో ఒక లెక్చరర్ ఉంటాడు, ఆయన వివరిస్తాడు అనుకుని రాస్తాడు. ఓపెన్ యూనివర్సిటీ పుస్తకం అలా కాదు. చదివేది రాత్రి పిల్లలు పడుకున్నాక, ఒంటరిగా. అందుకే ప్రతి పాఠం మొదట్లో ఏం నేర్చుకోబోతున్నామో చెప్పాలి, మధ్యమధ్యలో మన జవాబు మనమే సరిచూసుకునే ప్రశ్నలు ఉండాలి, చివర్లో సారాంశం, కఠిన పదాలకు అర్థాలు ఉండాలి. దీన్ని ఒక్కరు రాయలేరు. వేరే యూనివర్సిటీల్లోని పెద్ద ప్రొఫెసర్లతో రాయించడం, ఇంకొకరితో దిద్దించడం, భాష సరిచూడడానికి మరొకరిని పెట్టడం అన్నది పద్ధతిగా మారింది. ఫలితం మనకు తెలిసిందే. గ్రూప్స్ పరీక్షలకు చదివేవాళ్లు ఇవాళ్టికీ కోఠిలో వెతికేది అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీ తెలుగు మీడియం పుస్తకాలనే. రెగ్యులర్ కాలేజీ పిల్లలు కూడా వాటినే కొంటారు. నవ్వినవాళ్లకు ఇంతకన్నా జవాబు అక్కర్లేదు.

మూడోది స్టడీ సెంటర్. బ్రిటన్‌లో ఓపెన్ యూనివర్సిటీ పాఠాలు బీబీసీ టీవీలో వచ్చేవి. 1982లో మన ఊళ్లలో టీవీ ఎక్కడిది? టీవీని నమ్ముకోలేదు, అచ్చు పుస్తకాన్ని, రేడియోను, ఆదివారాన్ని నమ్ముకున్నారు. అప్పటికే ఉన్న కాలేజీల్లోనే స్టడీ సెంటర్లు పెట్టారు. వారమంతా ఆ గదుల్లో వాళ్ల పిల్లలు చదువుకుంటారు, సెలవు రోజున ఓపెన్ విద్యార్థులు వస్తారు. సైన్స్ వాళ్లకు ఆ కాలేజీ ల్యాబే ల్యాబ్. అక్కడి లెక్చరర్లలో కొందరు కౌన్సిలర్లు అవుతారు. వాళ్ల పని మళ్లీ పాఠం మొదటినుంచి చెప్పడం కాదు, పుస్తకం చదివి వచ్చినవాళ్ల సందేహాలు తీర్చడం. కొత్త బిల్డింగులు లేవు, కానీ విద్యార్థికి దగ్గర్లో పోవడానికి ఒక చోటు ఉంది, అడగడానికి ఒక మనిషి ఉన్నాడు.

నేను బీకాం చదివినవాణ్ని కాబట్టి లెక్కల వైపు నుంచి ఒక మాట. ఇలాంటి చదువులో ఖర్చు రెండు రకాలు. పాఠం రాయించడం, అచ్చు వేయడానికి సిద్ధం చేయడం స్థిర ఖర్చు, అది ఒకసారే అవుతుంది. 500 మంది చేరినా, 50,000 మంది చేరినా ఆ పాఠం అదే. కాబట్టి విద్యార్థులు పెరిగేకొద్దీ తలా ఖర్చు తగ్గుతుంది. ప్రభుత్వాలకు, మేనేజ్‌మెంట్లకు ఇదే నచ్చుతుంది. కానీ కౌన్సిలర్‌కు ఇచ్చే డబ్బు, అసైన్‌మెంట్ దిద్దే ఖర్చు, పరీక్ష నిర్వహణ, ఇవి విద్యార్థులతో పాటే పెరుగుతాయి. డబ్బు మిగిల్చుకోవాలనుకునే ప్రతి సంస్థ చెయ్యి మొదట వీటి మీదే పడుతుంది. అవి కోస్తే మిగిలేది పాత కరస్పాండెన్స్ కోర్సే, పేరు ఏదైనా సరే.

రాంరెడ్డికి ఈ సంగతి తెలుసని చెప్పడానికి నా దగ్గర ఒక గట్టి ఆధారం ఉంది. 1985లో రాజీవ్ గాంధీ ప్రభుత్వం పార్లమెంటు చట్టంతో ఇందిరా గాంధీ జాతీయ ఓపెన్ యూనివర్సిటీ పెట్టింది. మనందరం ఇగ్నో అనేది అదే. దానికీ మొదటి వైస్ ఛాన్స్‌లర్ ఆయనే. దేశం మొత్తానికి యూనివర్సిటీ, ఢిల్లీలో ఆఫీసు, అందరూ ఎదురుచూస్తున్నారు. అలాంటప్పుడు వెంటనే బీఏ పెట్టి లక్షల మందిని చేర్చుకోవడం సులువు. ఇగ్నో అలా చేయలేదు. 1987లో రెండే డిప్లొమాలతో, 4,528 మంది విద్యార్థులతో మొదలైంది. ఒకటి మేనేజ్‌మెంట్ డిప్లొమా. రెండోది దూరవిద్యను నడపడం నేర్పే డిప్లొమా. అంటే దుకాణం తెరిచే ముందు తూకం వేసేవాళ్లను తయారు చేసుకున్నారు. దూరవిద్య నడపడం కూడా ఒక విద్యే, దానికీ శిక్షణ కావాలన్న సంగతి ఆ రోజుల్లో చాలా యూనివర్సిటీలకు తట్టలేదు. ఇప్పటికీ కొన్నింటికి తట్టినట్టు లేదు.

1989 దాకా ఇగ్నోలో ఉన్నారు. 1988లో ఓపెన్ యూనివర్సిటీల మీద ఒక ఇంగ్లిష్ పుస్తకం ఆయన సంపాదకత్వంలో వచ్చింది. దంతపు గోపురాల తలుపులు తెరుచుకున్నాయన్నట్టు ఉంటుంది దాని పేరు. తర్వాత కామన్వెల్త్ దేశాలు దూరవిద్య కోసం కెనడాలోని వాంకోవర్‌లో పెట్టుకున్న కామన్వెల్త్ ఆఫ్ లెర్నింగ్‌లో వైస్ ప్రెసిడెంట్‌గా పనిచేశారు.

1991లో యూజీసీ చైర్మన్ అయ్యారు. అదే ఏడాది హైదరాబాద్‌లో ఆయన మొదలుపెట్టిన యూనివర్సిటీకి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు పెట్టారు. యూజీసీలో ఆయనకు దొరికింది సుఖమైన కాలం కాదు. ఆర్థిక సంస్కరణల రోజులు, ఖజానా బిగిసిపోయింది, యూనివర్సిటీలు సొంతంగా ఎంత డబ్బు తెచ్చుకోవాలన్నది పెద్ద చర్చ. జస్టిస్ పున్నయ్య కమిటీ ఈ విషయం మీదే నివేదిక ఇచ్చింది. ఫీజులు పెంచే దారి అక్కడి నుంచే మొదలైందని విమర్శించేవాళ్లు ఉన్నారు, ఆ విమర్శను కొట్టిపారేయలేం. 1994లో కాలేజీలు, యూనివర్సిటీల నాణ్యతకు గ్రేడు ఇచ్చే న్యాక్ సంస్థను యూజీసీ పెట్టింది.

1995 జూలైలో లండన్‌లో చనిపోయారు. అప్పటికి ఆయనకు 65 ఏళ్లు. ఉస్మానియా దూరవిద్యా కేంద్రానికి ఇప్పుడు ఆయన పేరే ఉంది. అక్కడ ఫీజు కట్టడానికి లైన్లో నిలబడినవాళ్లలో ఎంతమంది బోర్డు మీద పేరు చదివారో గానీ.

ఆయన చూడనివి చాలా వచ్చాయి. 1998లో హైదరాబాద్‌లో మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ యూనివర్సిటీ వచ్చినప్పుడు మొదట దూరవిద్యతోనే పని ప్రారంభించింది. ఉర్దూ మీడియంలో చదివి ఆగిపోయిన మన ఆడపిల్లలకు డిగ్రీ దారి దొరికిందంటే వెనకాల ఈ పద్ధతి అప్పటికే సిద్ధంగా ఉండటం కూడా ఒక కారణం. 2017లో స్వయం వచ్చింది. 2020లో యూజీసీ ఆన్‌లైన్ డిగ్రీలకు నిబంధనలు ఇచ్చింది. న్యాక్ స్కోరు 3.26 లేదా జాతీయ ర్యాంకుల్లో మంచి స్థానం ఉన్న యూనివర్సిటీలకు ఆన్‌లైన్ డిగ్రీలు నడిపే అవకాశం ఇచ్చారు. రాంరెడ్డి చైర్మన్‌గా ఉన్నప్పుడు పుట్టిన న్యాక్ ఇవాళ ఆన్‌లైన్ డిగ్రీకి గేటు కాపలా. గుర్తింపు ఉన్న దూరవిద్య, ఆన్‌లైన్ డిగ్రీలు రెగ్యులర్ డిగ్రీతో సమానమని యూజీసీ 2022లో స్పష్టం చేసింది. కాబట్టి మన ఇళ్లలో ఎవరైనా చేరే ముందు యూజీసీ వెబ్‌సైట్‌లో ఆ యూనివర్సిటీకి, ఆ కోర్సుకు, ఆ సంవత్సరానికి అనుమతి ఉందో లేదో చూడాలి. ఏజెంట్ మాట మీద డబ్బు కట్టొద్దు.

డిగ్రీ తర్వాత నేనూ ఒక ఆన్‌లైన్ కోర్సులో చేరాను. ఎక్కడన్నది వదిలేయండి. వీడియోలు బాగున్నాయి, యాప్ బాగుంది. ఒక డౌట్ పంపాను, మూడు వారాలకు నా ప్రశ్న అందిందని మెసేజ్ వచ్చింది, జవాబు మాత్రం రాలేదు. అసైన్‌మెంట్ పెట్టిన నిమిషానికే మార్కులు వచ్చేశాయి, ఎవరూ చదవలేదని అప్పుడే అర్థమైంది. రెండో సెమిస్టర్ ఫీజు కట్టలేదు.

ఖాలా పెట్టెలో ఆ పుస్తకాలతో పాటు ఆమె రాసుకున్న నోట్సు కూడా ఉంది. ఒక పేజీ మీద ఎవరో కౌన్సిలర్ సార్ ఎర్ర పెన్నుతో జీడీపీకి, జీఎన్‌పీకి తేడా మళ్లీ చూసుకోమని రాశారు, కింద ఆయన చేతితోనే ఒక చిన్న ఉదాహరణ వేసిచ్చారు. అప్పుడు అమ్మీ దగ్గర వదిలి వెళ్లిన చిన్నపిల్ల ఈ ఏడాది ఆన్‌లైన్ ఎంకాంలో చేరాలనుకుంటోంది. ప్రాస్పెక్టస్ ఫోన్లో చూపిస్తే ఖాలా ఫీజు గురించి అడగలేదు. డౌట్ వస్తే ఎవరి దగ్గరికి పోవాలి, ఆదివారం క్లాసు ఎక్కడ పెడతారు అని అడిగింది. ఇద్దరం ఆ ప్రాస్పెక్టస్ చివరిదాకా తిప్పాం, కనబడలేదు. సోమవారం వాళ్ల ఆఫీసుకు ఫోన్ చేయాలి.