తుఫానుకి ఒడ్డుకొచ్చిన ఓడ ఎవరిది..? రాజుది కాదన్న గణపతిదేవుడు.. నిడదవోలుకి వియ్యంకుడు కూడా!

2022 మే నెలలో అసని తుఫానుకి శ్రీకాకుళం జిల్లా సున్నాపల్లి తీరానికి బంగారు రంగు రథం ఒకటి కొట్టుకొచ్చింది. ఆ వీడియో గుర్తుందా..? అదే ఎనిమిది వందల ఏళ్ల కిందట అయితే అలా ఒడ్డున పడ్డది రాజుగారి సొత్తే. ఓడ పగిలి తీరానికి చేరితే చాలు.. బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అన్నీ లాగేసుకునేవాళ్లు. దాన్ని దోపిడీ అని కూడా అనుకునేవాళ్లు కాదు! ఆ ఆనవాయితీని ఆపిన రాజు కాకతీయ గణపతిదేవుడు.

ఆయన కథ చెరసాలలో మొదలైంది. తండ్రి మహాదేవుడు దేవగిరి యాదవులతో యుద్ధంలో చనిపోయాడు. కుర్రాడైన గణపతి వాళ్లకి బందీగా దొరికిపోయాడు. సేనాని రేచర్ల రుద్రుడే ఓరుగల్లు రాజ్యం చేజారకుండా కాపాడాడు. యాదవులు వదిలిపెట్టాక 1199లో గణపతిదేవుడు గద్దెనెక్కాడు. ఇక అరవై ఏళ్లకు పైగా దిగలేదు.

ఓరుగల్లుకి సముద్రం లేదు. అందుకే ఆయన చూపు తీరం మీద పడింది. వెలనాటి పృథ్వీశ్వరుణ్ణి ఓడించాడు. కృష్ణా ముఖద్వారంలోని దివిసీమను గెలిచి, అక్కడి అయ్య వంశపు అక్కాచెల్లెళ్లు నారాంబ, పేరాంబలను పెళ్లాడాడు. వాళ్ల తమ్ముడు జాయపను గజసేనకు అధిపతిని చేశాడు. నృత్తరత్నావళి రాసింది ఈ జాయపే. కొల్లేటి ఒడ్డున కొలను కూడా కాకతీయుల వశమైంది. గోదావరి వైపు మాత్రం చుట్టరికం కలిపాడు. కూతురు రుద్రమను నిడదవోలు చాళుక్య వీరభద్రుడికి ఇచ్చాడు. అంటే రుద్రమదేవి అత్తారిల్లు మన నిడదవోలే!

అసలు విషయం 1244 నాటి మోటుపల్లి శాసనంలో ఉంది. ఇప్పటి బాపట్ల జిల్లా తీరంలో ఉన్న ఆ రేవులో రాతి స్తంభం మీద చెక్కించాడు. తుఫానుకి దెబ్బతిన్న ఓడల సరుకు ఇకపై జప్తు చేయం, నిర్ణయించిన సుంకం తప్ప మిగతాదంతా వర్తకులదే అన్నది దాని సారాంశం. ఎగుమతికైనా దిగుమతికైనా ముప్పైకి ఒక వంతు. గంధం, కర్పూరం, పన్నీరు, దంతం, ముత్యాలు, పట్టు, మిరియాలు.. దేనికెంతో ముందే రాయించేశాడు.

శాసనంలో దయ, కీర్తి, ధర్మం అని కారణాలున్నాయి. కానీ లెక్క కూడా ఉందనే అనిపిస్తుంది. పగిలిన ఓడ ఒక్కసారే దొరుకుతుంది, భయం లేని ఓడ మళ్లీ మళ్లీ వస్తుంది కదా! దీనికి మూడు వందల ఏళ్ల తర్వాత ఉత్తరాఫ్రికాలోని అల్జీర్స్‌ను ఏలిన ఖైరుద్దీన్ బార్బరోసా దారి పూర్తిగా వేరు. ఓడల్ని పట్టుకోవడమే ఆ రాజ్యానికి ఆదాయం.

చివరి రోజులు మాత్రం చేదు. 1263 ప్రాంతంలో నెల్లూరు దగ్గర ముత్తుకూరులో పాండ్యుల చేతిలో కాకతీయ సేన ఘోరంగా ఓడింది. ముసలి రాజు పక్కకు తప్పుకున్నాడు, భారమంతా రుద్రమ మీద పడింది. మోటుపల్లి రేవు మాత్రం ఆగలేదు. ఆ తర్వాత వెనిస్ యాత్రికుడు మార్కోపోలో ఆమె రాజ్యం గురించీ, ఇక్కడి సన్నటి బట్టల గురించీ రాసుకున్నాడు.