యంత్రశిల్పి జి.డి. నాయుడు

పుస్తకం చెప్పలేని పాఠాన్ని పనిముట్టు చెప్పగలదని జీవితమంతా నిరూపించిన కర్మయోగి గోపాలస్వామి దొరైస్వామి నాయుడు. తమిళదేశంలో స్థిరపడిన తెలుగు వ్యవసాయ కుటుంబంలో, కోయంబత్తూరు సమీపాన గల కలంగల్ గ్రామంలో 1893 మార్చి 23న ఆయన జన్మించారు.

బడి చదువు ఆయనకు రుచించలేదు. అది ప్రాథమిక దశలోనే ముగిసింది. యౌవనంలో ఒక ఆంగ్లేయ అధికారి మోటారు సైకిలును చూసి ఆశ్చర్యచకితులయ్యారు. అటువంటి వాహనాన్ని కొనాలనే పట్టుదలతో కోయంబత్తూరు చేరి, హోటలులో సర్వరుగా పనిచేసి, డబ్బు కూడబెట్టి దానిని సంపాదించారు. భాగాలన్నీ విప్పి, పరిశీలించి, తిరిగి బిగించారు. అదే ఆయనకు తొలి విద్యాలయం. 1920లో పొల్లాచ్చి, పళని పట్టణాల మధ్య బస్సు నడపడం ప్రారంభించి, క్రమంగా పెద్ద రవాణా సంస్థకు అధిపతి అయ్యారు.

యంత్రభాగాలను తీర్చిదిద్దే లేత్ ఆ రోజులలో తనంత తాను తిరిగేది కాదు. చిన్న లేత్‌ను దృఢమైన బల్లకు బిగించి, కాలితో తొక్కి తిప్పేవారు. బల్ల కదిలినా, వేగం తడబడినా పనితనం దెబ్బతినేది. పెద్ద కర్మాగారంలో ఒకే ఇంజను పైకప్పు కింది పొడవైన షాఫ్టును తిప్పగా, దాని నుండి దిగిన తోలు బెల్టులు లేత్‌లను నడిపేవి. ఇంజను ఆగితే కర్మాగారమంతా స్తంభించేది. బెల్టు జారితే పనివాని చేతికే ముప్పు. యంత్రానికొక విద్యుత్ మోటారు అమర్చితే ఈ పరాధీనత తొలగుతుంది. కాని మోటార్లకు విదేశాలే దిక్కు.

1930ల తొలినాళ్ళలో పైకారా జలవిద్యుత్తు కోయంబత్తూరు సీమకు వెలుగునిచ్చింది. ఆ అవకాశాన్ని గుర్తించిన నాయుడుగారు, డి. బాలసుందరం నాయుడుగారితో కలసి 1937లో స్వదేశీ విద్యుత్ మోటారును రూపొందించారు. అనంతర కాలంలో కోయంబత్తూరు మోటార్లకు, పంపులకు పేరెన్నికగన్న కేంద్రమైంది. చిన్న మోటారుతో పనిచేసే క్షురక యంత్రం కూడా ఆయన సృష్టియే.

ఆయన కృషితో, విరాళంతో వెలసిన ఆర్థర్ హోప్ సాంకేతిక కళాశాలకు 1945లో ఆయనే ప్రధానాచార్యులయ్యారు. ఇంజనీరింగు విద్యకు నాలుగేళ్ళు అనవసరమనీ, చేతిపనికి ప్రాధాన్యమిస్తే రెండేళ్ళు చాలుననీ వాదించారు. ప్రభుత్వం అంగీకరించలేదు. తాను నిర్మించిన విద్యాలయంలోని పదవినే ఆయన త్యజించారు. ఆ కళాశాల తరువాత ప్రభుత్వ సాంకేతిక కళాశాలగా ప్రసిద్ధి చెందింది.

1974 జనవరి 4న నాయుడుగారు పరమపదించారు. పట్టా లేకపోయినా ప్రజ్ఞకు లోటుండదని చాటిన ఆ మహనీయుడు, పట్టా పొందే విద్యార్థికి చేతిపని విలువను నేటికీ గుర్తుచేస్తూనే ఉన్నారు.