ఆరుబయలు కూడా బడే

బడి అనగానే మనకు నాలుగు గోడలు, నల్లబల్ల, బల్లలు, గంట గుర్తుకు వస్తాయి. కాని కొండ ఎక్కేటప్పుడు, పడవ నడిపేటప్పుడు, అడవిలో దారి వెతుక్కొనేటప్పుడు నేర్చుకొనే పాఠాలు కూడా కొన్ని ఉన్నాయి. ఓర్పు, ధైర్యం, తోటివారిపట్ల దయ అనే మాటలకు అర్థం నిఘంటువులో దొరుకుతుంది. అవి మనలో ఎంత ఉన్నాయో మాత్రం కష్టం వచ్చినప్పుడే తెలుస్తుంది. అటువంటి చదువుకు ఒక పద్ధతిని ఏర్పరచి, దానిని ఒక పాఠశాలతో ఆపకుండా ఒక ప్రాంతంలోని పిల్లలందరికీ అందించాలని తపించిన విద్యావేత్త కుర్ట్ హాన్.

హాన్ 1886 జూన్ 5న జర్మనీ రాజధాని బెర్లిన్‌లో ఒక సంపన్న యూదు కుటుంబంలో జన్మించాడు. చిన్నతనం నుంచి ఆటలన్నా, నడక అన్నా ఆయనకు ఎంతో ఇష్టం. పాఠశాల చదువు పూర్తయిన 1904వ సంవత్సరంలోనే ఆయనకు తీవ్రమైన వడదెబ్బ తగిలింది. చాలాకాలం చీకటి గదిలో గడపవలసి వచ్చింది. ఆ తరువాత కూడా జీవితాంతం ఆయన ఎండను భరించలేకపోయాడు. బయటికి వెళ్లేటప్పుడు వెడల్పు అంచుల టోపీ తప్పనిసరి అయింది. పిల్లలను ఎండలోకి, గాలిలోకి, అలలమీదికి పంపిన మనిషి తాను మాత్రం నీడను వెతుక్కోవలసి వచ్చింది. అయినా ఆయన నిరుత్సాహపడలేదు. ఆ చీకటి గదిలోనే వ్యాయామం చేశాడు. మంచి పాఠశాల ఎలా ఉండాలో ఆలోచించాడు. మనిషికి ఉన్న లోపమే అతనికి బలం కాగలదన్న నమ్మకం ఆయనకు ఇలా స్వానుభవంతో కలిగింది.

పైచదువులకు హాన్ ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో చేరాడు. వేసవికాలంలో ఆరోగ్యంకోసం స్కాట్లండులోని మోరే ప్రాంతానికి వెళ్లేవాడు. అక్కడి చల్లని వాతావరణం ఆయనకు సరిపడింది. ఆ సముద్రతీరంతో ఏర్పడిన అనుబంధం తరువాతి రోజుల్లో ఆయనను ఆదుకొంది. 1914లో మొదటి ప్రపంచ యుద్ధం మొదలుకాగా ఆయన స్వదేశానికి తిరిగివచ్చి ప్రభుత్వ కార్యాలయంలో పనిచేశాడు. యుద్ధం ముగిసే రోజుల్లో జర్మనీ ప్రధానిగా ఉన్న బాడెన్ రాకుమారుడు మాక్స్‌కు కార్యదర్శి అయ్యాడు.

యుద్ధంలో జర్మనీ ఓడిపోయింది. దేశం నిలదొక్కుకోవాలంటే బాధ్యత తెలిసిన యువతరం కావాలని మాక్స్, హాన్ భావించారు. 1920లో మాక్స్‌కు చెందిన సాలెం కోటలో ఒక పాఠశాలను స్థాపించారు. ఆ ఊరి పేరు వినగానే తమిళనాడులోని మన సేలం గుర్తుకు రావచ్చు. ఇది మాత్రం దక్షిణ జర్మనీలోని ఒక గ్రామం. అక్కడ చదువుతోపాటు ఆటలు, చేతిపనులు, సాహసయాత్రలు ఉండేవి. పాఠశాల నిర్వహణలో విద్యార్థులకు నిజమైన బాధ్యతలు అప్పగించేవారు. ధనికుల పిల్లలు సుఖానికి అలవాటుపడి చెడిపోతారని హాన్ అభిప్రాయం. అందుకే పేదవారి పిల్లలకు కూడా అక్కడ చోటు ఉండాలని ఆయన కోరుకొన్నాడు.

ఇంతలో జర్మనీలో హిట్లర్ నాయకత్వాన నాజీల బలం పెరిగింది. 1932 ఆగస్టులో పొటెంపా అనే గ్రామంలో కొందరు నాజీలు ఒక కార్మికుణ్ణి అతని తల్లి కళ్ల ఎదుటే కొట్టి చంపారు. న్యాయస్థానం ఐదుగురికి మరణశిక్ష విధించింది. హిట్లర్ మాత్రం హంతకులను బహిరంగంగా సమర్థించాడు. దేశంలో ఎందరో పెద్దలు మౌనంగా ఉండిపోయారు. హాన్ ఊరుకోలేదు. సాలెంలో చదివి వెళ్లిన విద్యార్థులందరికీ లేఖ రాశాడు. హిట్లర్‌నైనా వదులుకోవాలి, సాలెంనైనా వదులుకోవాలి అన్నది ఆ లేఖ సారాంశం. తాను యూదుడై ఉండి అటువంటి లేఖ రాస్తే ఏమి జరుగుతుందో ఆయనకు తెలియక కాదు. పిల్లలకు ధైర్యం నేర్పే ఉపాధ్యాయుడు తనవంతు వచ్చినప్పుడు వెనుకంజ వేయకూడదు కదా!

1933 జనవరిలో హిట్లర్ అధికారంలోకి వచ్చాడు. మార్చి నెలలో హాన్‌ను నిర్బంధించారు. బ్రిటిష్ ప్రధాని రామ్సే మెక్‌డొనాల్డ్‌తోసహా ఇంగ్లండులోని మిత్రులు ఆయన విడుదలకు ప్రయత్నించారు. విడుదలైన హాన్ ఆ ఏడాది జులైలో జన్మభూమిని విడిచి బ్రిటన్ చేరుకొన్నాడు. పదమూడేళ్లు పెంచిన పాఠశాల వెనుక ఉండిపోయింది. నలభై ఏడేళ్ల వయస్సులో మళ్లీ మొదటినుంచి ప్రారంభించవలసి వచ్చింది.

యౌవనంలో తనను సేదదీర్చిన మోరే తీరానికే ఆయన వెళ్లాడు. 1934లో అక్కడ గోర్డన్‌స్టన్ అనే పాఠశాలను ప్రారంభించాడు. మొదట వచ్చిన విద్యార్థులను వేళ్లమీద లెక్కించవచ్చు. ప్రతి విద్యార్థీ తాను రోజూ చేయవలసిన పనులను ఒక పట్టికలో గుర్తించుకొనేవాడు. దానిని ఎవరూ తనిఖీ చేసేవారు కాదు. నిజం రాయడం విద్యార్థి బాధ్యత. నమ్మడం ఉపాధ్యాయుని వంతు. విద్యార్థులు తీరంలో కాపలా కాసి, ఆపదలో ఉన్న పడవలను కనిపెట్టే పనిలో పాలుపంచుకొన్నారు. ఆ పని ఆట కాదు. కాపలా కాసేవాడు కునుకు తీస్తే సముద్రంమీద ఒక ప్రాణం పోవచ్చు.

ఈ శిక్షణ ఒక్క పాఠశాలకే పరిమితం కావడం హాన్‌కు నచ్చలేదు. గోడకు ఇవతలి పిల్లలకు దొరికినది అవతల ఉన్న జాలరుల పిల్లలకు, రైతుల పిల్లలకు ఎందుకు దొరకకూడదు? ఈ ఆలోచనతో 1936లో మోరే బ్యాడ్జి అనే పథకాన్ని ప్రవేశపెట్టాడు. ఆ ప్రాంతపు బాలురు ఎవరైనా అందులో చేరవచ్చు. పరుగు, దూకడం, విసరడం వంటి వాటిలో నిర్ణీత స్థాయిని అందుకోవాలి. ఒక సాహసయాత్ర చేయాలి. ప్రాణరక్షణ విధానాలు నేర్చుకోవాలి. ఇందులో పక్కవాణ్ణి ఓడించడం లక్ష్యం కాదు. నిన్నటి తనకంటే నేటి తాను మెరుగుపడడమే గెలుపు. తరువాత ఇదే పద్ధతిని ఇతర జిల్లాలకు విస్తరింపజేయాలని కౌంటీ బ్యాడ్జి పేరుతో కృషి చేశాడు.

రెండవ ప్రపంచ యుద్ధం హాన్ పద్ధతికి కఠినమైన పరీక్ష పెట్టింది. శత్రువుల దాడిలో వర్తక నౌకలు మునిగిపోయేవి. నావికులు చిన్న పడవలలో రోజుల తరబడి చలిలో, ఆకలితో సముద్రంమీద ఉండవలసి వచ్చేది. బ్లూ ఫనెల్ నౌకా సంస్థకు చెందిన లారెన్స్ హోల్ట్ ఒక విషయం గమనించాడు. బలంగా ఉన్న యువకులు చనిపోతుంటే, అనుభవం గల పెద్దవారు బతికి బయటపడుతున్నారు. యువకులకు కండబలం ఉన్నా, తమమీద తమకు నమ్మకం చాలలేదని ఆయన భావించాడు. హోల్ట్, హాన్ కలిసి 1941 అక్టోబరులో వేల్స్ తీరంలోని అబర్‌డవీలో ఒక శిక్షణ కేంద్రాన్ని తెరిచారు. దానికి ఔట్‌వర్డ్ బౌండ్ అని పేరు పెట్టారు. రేవు విడిచి సముద్రంమీదికి బయలుదేరిన ఓడను నావికులు ఆ మాటతో పిలుస్తారు.

అక్కడ శిక్షణ సుమారు నెలరోజులు. నౌకా సంస్థలు, కర్మాగారాలు, పాఠశాలలు, పోలీసు శాఖ తమ బాలురను పంపేవి. ఎక్కడినుంచి వచ్చినవారైనా చిన్న చిన్న జట్లుగా కలిసి ఉండవలసిందే. పడవ నడపడం, పటం చూసి దారి కనుక్కోవడం, కొండలమీద దూరప్రయాణం, ఆపదలో ఉన్నవారిని కాపాడడం నేర్పేవారు. జట్టులో వెనుకబడినవాణ్ణి వదిలి ముందుకు పోయినవాడు పాఠం నేర్చుకోనట్లే లెక్క. యుద్ధం ముగిశాక కూడా ఈ కేంద్రాలు కొనసాగి అనేక దేశాలకు వ్యాపించాయి.

హాన్ పద్ధతి మరీ కఠినమని విమర్శించినవారూ ఉన్నారు. చలిలో చన్నీటి స్నానాలు, తెల్లవారకముందే పరుగులు అందరికీ సరిపడవు. ప్రకృతిలోకి పిల్లలను తీసుకుపోయేవారికి సాహసం ఎంత ముఖ్యమో జాగ్రత్త కూడా అంతే ముఖ్యం. అయితే హాన్ దృష్టిలో అన్నింటికంటె పెద్ద విలువ కండబలానిది కాదు, కరుణది. కొండ ఎక్కగల కాళ్లు పడిపోయినవాణ్ణి మోయడానికి కూడా ఉపయోగపడాలని ఆయన కోరిక.

1953లో అనారోగ్యంవల్ల హాన్ గోర్డన్‌స్టన్ బాధ్యతల నుంచి తప్పుకొన్నాడు. ఆయన పూర్వ విద్యార్థి అయిన ఫిలిప్ రాకుమారుని పేరుతో 1956లో ఎడిన్‌బరో డ్యూక్ అవార్డు పథకం మొదలైంది. మోరే బ్యాడ్జిలోని ఆలోచనే దానికి మూలం. 1953లో ఎవరెస్టు విజయయాత్రకు నాయకత్వం వహించిన జాన్ హంట్ దానికి తొలి నిర్వాహకుడు. 1962లో హాన్ కృషి ఫలితంగా వేల్స్‌లో అట్లాంటిక్ కళాశాల ప్రారంభమైంది. నిన్నటి శత్రుదేశాల పిల్లలు అక్కడ కలిసి చదివారు. ఒకే పడవలో కూర్చుని సముద్రంలో చిక్కుకొన్నవారిని రక్షించారు. ఆ కోవకు చెందిన ఒక కళాశాల మన మహారాష్ట్రలోని పుణె జిల్లాలో 1997లో ఏర్పడింది.

జర్మనీకి తిరిగివెళ్లిన హాన్ 1974 డిసెంబరు 14న సాలెం సమీపంలో కన్నుమూశాడు. ఎండకు ఓర్వలేని మనిషి ఎందరో పిల్లలకు ఆరుబయలును బడిగా చేశాడు. దేశం కోల్పోయినవాడు అన్ని దేశాల పిల్లలను ఒకచోట చేర్చాడు. మన ఊరి చెరువుగట్టు, పక్కనున్న గుట్ట, దూరాన వినిపించే సముద్రం కూడా మనకు పాఠాలు చెప్పగలవు. వాటి దగ్గరికి ఒంటరిగా కాక, పెద్దల తోడుతో, తోటివారి చెయ్యి పట్టుకొని వెళ్లాలి.

ప్రశ్నలు

1. వడదెబ్బ హాన్ జీవితాన్ని ఎలా మార్చింది?
2. హాన్ తన పూర్వ విద్యార్థులకు లేఖ ఎందుకు రాశాడు? దాని ఫలితం ఏమిటి?
3. మోరే బ్యాడ్జికి, మామూలు ఆటల పోటీకి గల తేడాను వివరించండి.
4. మీ పాఠశాల పిల్లలతో ఒకరోజు ఆరుబయట గడపాలంటే ఎక్కడికి వెళతారు? ఏయే జాగ్రత్తలు తీసుకొంటారు? పది వాక్యాలలో రాయండి.